రేణిగుంట నుంచి డల్లాస్ ఎంత దూరం? పోయేటప్పుడు 12 గంటలు, వచ్చేటప్పుడు 34 గంటలు ఎందుకు?

బైరాగిపట్టెడ బాబాయ్:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నేను, మా ఆవిడ జులైలో డల్లాస్ పోతున్నాం, అమ్మాయికి ఆగస్టులో డెలివరీ. అల్లుడు టికెట్లు తీసి వాట్సాప్‌లో పంపించాడు. నేను ఇప్పటిదాకా ఎక్కిన విమానం ఒక్కటే, రేణిగుంట నుంచి హైదరాబాద్, అది కూడా బెల్టు పెట్టుకుని ఇచ్చిన నీళ్ళు తాగేలోపే దిగమన్నారు. కాబట్టి నాకు ఏమీ తెలియదు అనుకునే చెప్పండి, ఫర్వాలేదు.

టికెట్ ఇట్లా ఉంది. పోయేటప్పుడు సోమవారం తెల్లవారుజామున 4 గంటలకి చెన్నైలో ఎక్కాలి, దుబాయ్‌లో మారాలి, సోమవారమే సాయంత్రం 4 గంటలకి డల్లాస్‌లో దిగుతాం. వచ్చేది డిసెంబర్‌లో. సోమవారం సాయంత్రం 4 గంటలకి డల్లాస్‌లో ఎక్కితే బుధవారం తెల్లవారుజామున 2 గంటలకి చెన్నై. అదీ దుబాయ్ మీదుగానే. నేను వేళ్ళ మీద లెక్కేశాను, పోవడానికి 12 గంటలు, రావడానికి 34 గంటలు. దారి అదే, ఊళ్ళు అవే, మరి ఇంత తేడా ఏంది?

చిత్తూరులో మా బావమరిది ఉన్నాడు, వాడికి తెలియని విషయం ఉండదు. టికెట్ చూడగానే "బావా, నిన్ను మోసం చేసినారు, వచ్చేటప్పుడు ఊరంతా తిప్పి తీసుకొస్తారు, అందుకే రేటు తక్కువకి వచ్చింది" అన్నాడు. అరగంటకి మళ్ళీ వాడే ఫోన్ చేసి, "కాదు బావా, భూమి తూర్పుకి తిరుగుతా ఉంటుంది కదా, పోయేటప్పుడు అమెరికానే మీకు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు మీరు ఎంత తరిమితే ఇండియా అంత ముందుకి జరుగుతుంది" అన్నాడు. మా ఆవిడ తమ్ముడి మాట వేదం అన్నట్టు నమ్మేసింది. అల్లుడిని అడుగుదామంటే, ఇంత వయసొచ్చి ఇది కూడా తెలియదా అనుకుంటాడేమోనని మొహమాటం.

ఇంకోటి, ఫోన్లో వెతికితే ఒక చోట 14,900 కిలోమీటర్లు అని చూపిస్తుంది, ఇంకో చోట 15,850 అంటుంది. ఏది నిజం? మ్యాపులో గీత చూస్తే పైకి ఉత్తర ధ్రువం దాకా పోయి కిందికి దిగుతోంది, ఎడమ పక్కకి నేరుగా పోతే దగ్గర కదా! మా ఆవిడకి షుగర్, నాకు మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో ఎన్ని గంటలకి బయల్దేరాలి, మొత్తం ఎన్ని గంటలు కూర్చోవాలి, అది తెలిస్తే చాలు.

గ్లోబు మాస్టారు:

నమస్తే అండీ. చిత్తూరు దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు, సోషల్ రెండూ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ బావమరిది బహుశా నా స్టూడెంటే అయ్యుంటాడు, చివరి బెంచీ.

ముందు గంటల సంగతి. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, తిరుపతి గడియారంలో టైం తీసుకుని డల్లాస్ గడియారంలో టైంతో తీసివేత చేశారు. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. జులైలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అంటే మీరు సోమవారం సాయంత్రం 4 గంటలకి అక్కడ దిగేటప్పటికి మన తిరుపతిలో మంగళవారం తెల్లవారుజాము 2:30. సోమవారం తెల్లవారుజాము 4 నుంచి మంగళవారం 2:30 దాకా లెక్కేయండి, ఇరవై రెండున్నర గంటలు.

ఇప్పుడు వచ్చేటప్పుడు చూద్దాం. డిసెంబర్‌లో తేడా పదిన్నర కాదు, పదకొండున్నర. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనకి ఆ గోల లేదు. డల్లాస్‌లో సోమవారం సాయంత్రం 4 అంటే మనకి మంగళవారం తెల్లవారుజాము 3:30. అక్కడి నుంచి బుధవారం 2 గంటల దాకా ఎంత? మళ్ళీ ఇరవై రెండున్నర గంటలే! పోవడానికి ఎంతో రావడానికి అంతే. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు.

మా పిల్లలకి ఒక చిట్కా చెప్పేవాణ్ణి. టైం తేడా గుర్తు లేకపోయినా, పోయేటప్పుడు కనిపించే గంటలు, వచ్చేటప్పుడు కనిపించే గంటలు కలిపి సగం చేస్తే సగటున ఎంత పడుతుందో వచ్చేస్తుంది. ఎందుకంటే ఒకసారి కలిసొచ్చిన టైం ఇంకోసారి పోతుంది. మీది 12, 34 కలిపితే 46, సగం 23. అసలుది ఇరవై రెండున్నర. ఆ అరగంట తేడా ఎందుకొచ్చిందంటే, మధ్యలో నవంబర్‌లో వాళ్ళు గడియారం జరిపారు కాబట్టి. మే నెలలో పోయి ఆగస్టులో వచ్చేవాళ్ళకైతే లెక్క అచ్చంగా సరిపోతుంది.

బైరాగిపట్టెడ బాబాయ్:

మాస్టారూ, పాదాభివందనం. కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను, వచ్చింది. మా ఆవిడకి చూపిస్తే, "మరి భూమి తిరగడం అబద్ధమా?" అంటోంది. ఏం చెప్పాలి?

గ్లోబు మాస్టారు:

భూమి తిరిగేది నిజమే, తిరుపతి దగ్గర గంటకి 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతుంది. కానీ గాలిని కూడా వెంటబెట్టుకునే తిరుగుతుంది. విమానం ఆ గాలిలోనే ఉంటుంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పైకి రూపాయి బిళ్ళ ఎగరేయండి, మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది, వెనక పెట్టెలో వాళ్ళకి దొరకదు. మీ బావమరిది చెప్పిందే నిజమైతే రేణిగుంటలో హెలికాప్టర్ ఎక్కి గంట సేపు గాల్లో ఊరికే నిలబడితే చాలు, కింద అరేబియా సముద్రం వచ్చేయాలి. పెట్రోలు ఖర్చు లేకుండా ముంబై దాటిపోవచ్చు.

ఇక దూరం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి.

గోడ మీద వేలాడే మ్యాపు గుండ్రటి భూమి తొక్క ఒలిచి చదునుగా అతికించింది. బత్తాయి తొక్క ఒలిచి బల్ల మీద చదునుగా పరవబోతే అంచులు చిరుగుతాయి కదా, చిరగకుండా ఉండాలని పైభాగాన్నీ కిందిభాగాన్నీ సాగదీసి గీస్తారు. అందుకే ఆ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. అట్లాంటి మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత దగ్గర దారి కాదు.

ఇంట్లో గుండ్రటి పుచ్చకాయో, పిల్లల రబ్బరు బంతో తీసుకోండి. చిత్తూరు వాళ్ళు తోతాపురి మామిడికాయ తీసుకుంటారు, అది పనికిరాదు. పైన తొడిమ దగ్గర ఉత్తర ధ్రువం అనుకోండి. ముందువైపు నడుం దగ్గర, అడ్డంగా పోయే మధ్య గీతకి కొంచెం పైన తిరుపతి చుక్క పెట్టండి. సరిగ్గా వెనకవైపు, ఇంకాస్త పైన, డల్లాస్ చుక్క. రెండింటి మధ్య దారం బిగించి లాగండి. దారం పక్కనుంచి పోదు, తొడిమ మీదుగా జారి కూర్చుంటుంది. అదే దగ్గర దారి.

మీది ఇంకా విచిత్రమైన కేసు. తిరుపతి 79.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూమికి సరిగ్గా అవతలి వైపు అంటే 100.5 పడమర. డల్లాస్ ఎక్కడుంది? 97 పడమర. దాదాపు మన వీపు వెనక! కాబట్టి కాలిక్యులేటర్, వెబ్‌సైటు ఏదీ అక్కర్లేకుండా దూరం నోటి లెక్కగా వేసేయొచ్చు. తిరుపతి అక్షాంశం 13.6, ధ్రువానికి ఇంకా 76.4 డిగ్రీలు. డల్లాస్ అక్షాంశం 32.9, ధ్రువానికి 57.1 డిగ్రీలు. రెండూ కలిపితే 133.5. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణించండి, 14,800 చిల్లర. అన్ని ఊళ్ళకీ ఈ లెక్క పని చేయదు, ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్న ఊళ్ళకే కుదురుతుంది. న్యూయార్క్‌కి వేయబోతే తప్పొస్తుంది.

ఫోన్లో చూసిన 14,900 చెన్నై నుంచి డల్లాస్‌కి నేరు దూరం. 15,850 మీ టికెట్ దూరం, చెన్నై నుంచి దుబాయ్ 2,930, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920. రెండూ నిజమే. దుబాయ్‌లో దిగడం వల్ల మీకు ఎక్కువైంది 950 కిలోమీటర్లు. అంత పెద్ద ప్రయాణంలో ఇది గంట సేపటి పని, అంతే. ఇంకో తమాషా, లండన్ మీదుగా పోతే చెన్నై లండన్ 8,230, లండన్ డల్లాస్ 7,630, మొత్తం 15,860! దుబాయ్ అయినా లండన్ అయినా పది కిలోమీటర్లే తేడా. అవతలి వైపుకి పోయేటప్పుడు ఏ పక్కనుంచి పోయినా పెద్ద తేడా రాదు, బంతి పట్టుకుని చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇర్వింగ్ పలమనేరమ్మాయి:

మాస్టారు గారూ, మీ దగ్గర చదువుకోలేదని బాధగా ఉంది. బాబాయ్ గారూ, నేను పలమనేరు నుంచి వచ్చి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. కిలోమీటర్ల గురించి మీరు అస్సలు టెన్షన్ పడొద్దు. కిలోమీటర్లు మనిషిని అలసిపోయేలా చేయవు, మధ్యలో కాసుకుని కూర్చోవడమే చంపుతుంది.

మీ టికెట్ ఇంకొంచెం విప్పి చూడండి. ఏ విమానం ఎన్ని గంటలు, మధ్యలో ఎంత గ్యాప్ అని విడివిడిగా ఉంటుంది. ఇక్కడ రాయండి, చెప్తాను.

బైరాగిపట్టెడ బాబాయ్:

ఇదిగోమ్మా. పోయేటప్పుడు చెన్నై దుబాయ్ 4:30 గంటలు, దుబాయ్‌లో 2 గంటలు, దుబాయ్ డల్లాస్ 16 గంటలు. వచ్చేటప్పుడు డల్లాస్ దుబాయ్ 14:30, దుబాయ్‌లో 4 గంటలు, దుబాయ్ చెన్నై 4 గంటలు. ఇప్పుడు చూస్తే ఇక్కడ కూడా తేడా ఉందే, అదే దారి పోయేటప్పుడు 16, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర! మా బావమరిది ఉల్టా చెప్పాడన్నమాట.

ఏటీఎఫ్ వాసన:

ఇక్కడ నేను దూరుతా. ఎయిర్‌పోర్టుల్లో విమానాలకి ఇంధనం నింపే పనిలో కొన్నేళ్ళు చేశాను, ఏటీఎఫ్ అంటే విమాన ఇంధనం, పేరు అందుకే.

ఆ తేడా గాలి వల్ల. విమానం ఎగిరే ఎత్తులో, అంటే నేల నుంచి పది పదకొండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి గాలి నదిలాగా పారుతుంటుంది, దాన్ని జెట్ స్ట్రీం అంటారు. గంటకి 150, 200 కిలోమీటర్ల వేగం మామూలే, చలికాలంలో ఇంకా పెరుగుతుంది. అమెరికా నుంచి ఇటు వచ్చే విమానం దాని వీపున ఎక్కి వస్తుంది. పోయేటప్పుడు ఎదురు గాలి, తప్పించుకోవాలని పైలట్లు దారి కొంచెం మార్చుకుంటారు. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, మామూలుగా ఆరు గంటల పైమాట. అందుకే దూరం తెలిస్తే టైం తెలిసిపోతుంది అనుకోవద్దు. 900 వేగంతో భాగిస్తే ఉజ్జాయింపుగా వస్తుంది, మిగతాది గాలి దయ. టికెట్ మీద వేసే గంటల్లో నేల మీద రన్‌వే దాకా పాకుతూ పోయే టైం కూడా కలిపే ఉంటుంది.

మీది చూశారా, వచ్చేటప్పుడు గాలి పుణ్యమా అని రెండు గంటలు మిగిలాయి, ఆ రెండు గంటలూ దుబాయ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి తినేశారు. అందుకే రెండు వైపులా ఇరవై రెండున్నరే అయింది. ఆ అమ్మాయి చెప్పింది కరెక్టు.

ఇంకోటి, విమానం మాస్టారి దారం మీదే పోతుందనుకోకండి. ఏ దేశం ఆకాశం మూసుకుని ఉందో చూసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా అమెరికా, యూరప్ కంపెనీలు పోవడం ఆగిపోయింది, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన కంపెనీలకి మూసింది, దాంతో ఢిల్లీ నుంచి పడమరకి పోయే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఎక్కే ఊరు ఒకటే, దిగే ఊరు ఒకటే, కానీ కంపెనీని బట్టి గంటా రెండు గంటలు తేడా వస్తుంది.

కుప్పం కుర్రాడు:

అన్నా ఒక డౌట్. మనవాళ్ళు ఇంతమంది డల్లాస్‌లో ఉన్నారు కదా, నేరుగా విమానం ఎందుకు వేయరు? అంత దూరం పోలేవా?

ఏటీఎఫ్ వాసన:

పోగలవు తమ్ముడూ. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతున్నాయి, 18 గంటల పైనే. మన దగ్గర కూడా 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటిసారి నేరుగా వేసింది, కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే, కెప్టెన్ జోయా అగర్వాల్, ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చారు, పేపర్లలో బాగా వచ్చింది.

చిక్కంతా బరువుతో. అంత దూరం ఆగకుండా ఎగరాలంటే టన్నుల కొద్దీ ఇంధనం నింపాలి, ఆ ఇంధనాన్ని మోయడానికే మళ్ళీ కొంత ఇంధనం కావాలి. శబరిమల పోయేవాళ్ళు తిండి మొత్తం నెత్తిన పెట్టుకుని నడిచినట్టు, మోసేకొద్దీ ఆకలి. అప్పుడు మనుషుల్నీ సరుకునీ తగ్గించాలి. ఆ సింగపూర్ విమానంలో మామూలు ఎకానమీ సీట్లే లేవు, చూసుకో. మధ్యలో దిగితే తక్కువ ఇంధనంతో ఎగరొచ్చు, ఆ ఊళ్ళో పది ఊళ్ళ జనాన్ని కలిపి ఒకే విమానం నింపొచ్చు. టికెట్ తగ్గేది అందుకే బాబాయ్ గారూ, చుట్టూ తిప్పినందుకు కాదు.

పుత్తూరు టర్నింగ్:

సార్ నమస్తే. నేను తిరుపతి చెన్నై ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు వేస్తాను, సొంత బండి. అందరూ ఆకాశంలో దారి చెప్తున్నారు, నేల మీద దారి నేను చెప్తా.

ముందు ఒక్క మాట. సోమవారం తెల్లవారుజాము 4 గంటలంటే మీరు ఆదివారం రాత్రి బయల్దేరాలి. నవ్వకండి, పోయిన ఏడాది ఒక పెద్దాయన సోమవారం రాత్రికి బండి చెప్పాడు, నేను టికెట్ ఫోటో అడిగి చూస్తే ముందు రోజు రాత్రికే పోవాల్సింది. ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పబట్టి సరిపోయింది, ఇంట్లో వాళ్ళు ఇంకా సగం సర్దుతున్నారు. తెల్లవారుజాము టికెట్ ఉంటే క్యాలెండర్లో ముందు రోజు మీద సున్నా చుట్టుకోండి.

విమానానికి మూడు గంటల ముందు, అంటే రాత్రి 1 గంటకి మీనంబాక్కంలో, అదే చెన్నై ఎయిర్‌పోర్టులో, ఉండాలి. తిరుపతి నుంచి నూట యాభై కిలోమీటర్లు, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు, పూందమల్లి. రోడ్డు ఖాళీగా ఉంటే మూడున్నర గంటలు. నేనైతే రాత్రి 8:30కి ఎక్కించుకుంటా. గంట ముందు పోతే కుర్చీలో కూర్చుంటారు, గంట ఆలస్యమైతే నాతో పాటు అందరూ ఏడవాలి.

మీరు జులై అన్నారు కాబట్టి, తిరుత్తణి మురుగన్ పండుగ ఆడికృత్తిక ఏ తేదీన పడిందో తప్పకుండా చూసుకోండి. ఆ రెండు మూడు రోజులు తిరుత్తణిలో కావళ్ళు, నడిచేవాళ్ళు, పోలీసు బ్యారికేడ్లు, నగరి దాటగానే బండి చీమలాగా పోతుంది. అప్పుడు పుత్తూరు దగ్గరే తిరిగి నారాయణవనం, నాగలాపురం, ఊతుకోట మీదుగా తీసుకుపోతా. దారిలో మలుపులు ఎక్కువ, అమ్మగారికి కడుపులో తిప్పితే ముందే చెప్పండి.

చిత్తూరు వాళ్ళకైతే బెంగళూరు ఎయిర్‌పోర్టే సుఖం, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగల్, కోలార్, అక్కడి నుంచి సిటీలోకి పోకుండానే దేవనహళ్ళి. తిరుపతి నుంచి అదే 250 పైన అవుతుంది, ఐదు గంటలు మోకాళ్ళు మడిచి కూర్చోవాలి. మీకు చెన్నై తీసినాయన తెలివైనవాడే.

ఇర్వింగ్ పలమనేరమ్మాయి:

ఈ అన్న చెప్పింది ప్రింట్ తీసి పెట్టుకోండి బాబాయ్.

రేణిగుంట నుంచి హైదరాబాద్ పోయి అక్కడ ఎక్కుదామా అని మీకు ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది, ఇంటి పక్కనే ఎయిర్‌పోర్ట్ పెట్టుకుని చెన్నై ఎందుకు అని. ఒకే టికెట్ మీద ఉంటే బంగారంలాగా పోవచ్చు. విడివిడిగా తీస్తే మాత్రం వద్దు. మా నాన్నకి నేనే ఆ తప్పు చేశాను. రేణిగుంట హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఇంకో టికెట్, మధ్యలో నాలుగు గంటలుంది కదా అనుకున్నా. రేణిగుంటలో మొదటి విమానం రెండున్నర గంటలు లేటు. శంషాబాద్‌లో సామాను తీసుకుని పరుగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. ఏ కంపెనీ అనేది వదిలేయండి, వాళ్ళ లెక్కలో వాళ్ళకి సంబంధం లేదు, రెండు వేర్వేరు టికెట్లు కదా. మా నాన్న అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చుని వీడియో కాల్ చేస్తే, నాకు ఇక్కడ అర్ధరాత్రి. ఒక్క మాట అనలేదు, "అరిసెలు మెత్తబడతాయేమో అమ్మా" అన్నాడు. కొత్త టికెట్‌కి ఎంతయిందో ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

మీది చెన్నై నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్, కాబట్టి చెన్నైలో వేసిన పెట్టెలు డల్లాస్‌లోనే తీసుకుంటారు. దుబాయ్‌లో ముట్టుకోనక్కర్లేదు. పోయేటప్పుడు అక్కడ రెండు గంటలే ఉంది, గేటు నుంచి గేటుకి చాలా నడక, మీ మోకాళ్ళతో కష్టం. అల్లుడికి చెప్పి ఇద్దరికీ వీల్‌చెయిర్ పెట్టించండి, డబ్బులు తీసుకోరు, ముందుగా చెప్పాలి అంతే. మొహమాటం పడి నడిచారో, గేటు మూస్తారు. డల్లాస్‌లో కూడా ఆ కుర్చీ ఉంటే ఇమ్మిగ్రేషన్ దగ్గర తొందరగా కదులుతారు. అక్కడ ఆఫీసర్ ఎన్నాళ్ళు ఉంటారని అడిగితే వచ్చే టికెట్ తేదీ చెప్పండి. మీరు ఎప్పటిదాకా ఉండొచ్చనేది వీసా మీద తేదీ కాదు, ఆయన రాసే తేదీ. ఇల్లు చేరాక అల్లుడిని ఆన్‌లైన్‌లో చూడమనండి.

పిన్నిగారి షుగర్ మాత్రలు, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే, పెట్టెలో కాదు. ఇరవై రెండు గంటల్లో రెండు భోజనాలో మూడు భోజనాలో పెడతారు, కానీ మన టైముకి కాదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి చీటీ మీద భారత టైం ప్రకారమే రాయించుకోండి, చేతి గడియారం మార్చకండి డల్లాస్ చేరేదాకా. పదహారు గంటల విమానంలో గంటన్నరకి ఒకసారి లేచి నడవాలి, కాళ్ళు వాచిపోతాయి లేకపోతే. ఆవకాయ చేతి సంచిలో తెస్తే చెన్నైలోనే తీసి పారేస్తారు, పెట్టెలో గట్టిగా కట్టి వేయండి. మాంసం పచ్చడి మాత్రం ఇక్కడికి తేవద్దు.

బైరాగిపట్టెడ బాబాయ్:

అమ్మా, నీ మాట విన్నాక మా ఆవిడ రెండు సంచుల సామాను మళ్ళీ విప్పి పెట్టుకుంది. ఇంతకీ నేను ఇప్పుడు పూర్తి లెక్క వేశాను, తప్పుంటే మాస్టారు దిద్దండి. ఆదివారం రాత్రి 8:30కి ఇంట్లో బయల్దేరతాం. డల్లాస్‌లో దిగేది మన టైం మంగళవారం తెల్లవారుజాము 2:30. ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, అమ్మాయి ఇల్లు ఫ్రిస్కోలో, అన్నీ కలిపి ఇంకో రెండున్నర గంటలు వేసుకున్నా. అంటే ఉదయం 5. గడప నుంచి గడపకి ముప్పై రెండున్నర గంటలు. అందులో విమానంలో కూర్చునేది 4:30, 16 కలిపి ఇరవైన్నర. మిగతా పన్నెండు గంటలు నేల మీదే!

గ్లోబు మాస్టారు:

నూటికి నూరు. చివరి బెంచీ కాదు మీరు.

చిత్తూరు తోతాపురి:

ఆ బావమరిది నేనే. అక్క ఫోన్ చేసి ఈ పేజీ చూడమంది. చూశాను. మాస్టారూ, నేను మీ స్కూలు కాదు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ దాకా ఫస్ట్ క్లాసే. పుచ్చకాయకి దారం కట్టి చూశాను, తొడిమ మీదుగానే పోయింది, ఒప్పుకుంటున్నా. కానీ బావా, వచ్చేటప్పుడు బుధవారం తెల్లవారుజాము 2 గంటలకి చెన్నైలో దిగుతావు అంటే నేను బండి వేసుకుని మంగళవారం రాత్రే రావాలి కదా, అది మాత్రం నాకు ముందే తెలుసు.

పుత్తూరు టర్నింగ్:

మంగళవారం రాత్రే సార్. పది గంటలకి చిత్తూరులో బయల్దేరితే సరిపోతుంది, దిగాక పెట్టెలు వచ్చేసరికి వాళ్ళకి ఇంకో గంట పడుతుంది. డిసెంబర్‌లో ఆ టైముకి పొలాల దగ్గర మంచు ఉంటుంది, మెల్లగా పోండి. రాలేకపోతే నాకు చెప్పండి.

బైరాగిపట్టెడ బాబాయ్:

వాడే వస్తాడులే అన్నా. రాకపోతే వాళ్ళక్క ఊరుకోదు. పోయేటప్పుడు మాత్రం నీ బండే, ఆదివారం రాత్రి 8:30, తేదీ పంపిస్తా. ఆడికృత్తిక చూసి చెప్పు.